రోడ్డు రద్దీ, విపత్తు తరలింపు: పరిశోధన నడిచిన దారి

రోడ్డు మోయగలిగిన దాని కన్నా ఎక్కువ బళ్లు ఒకే గంటలో దాని మీదికి వస్తే రద్దీ పుడుతుంది. దాన్ని కొలవడం, ముందుగా అంచనా కట్టడం, తగ్గించడం ట్రాఫిక్ ఇంజనీరింగు పని. తుపాను, వరద, కార్చిచ్చు, విషవాయువు, అణు ప్రమాదం లాంటివి ముంచుకొచ్చినప్పుడు ఒక ఊరినో జిల్లానో గడువులోగా ఖాళీ చేయించే ప్రణాళిక వేయడం ఆ శాస్త్రానికే చెందిన మరో శాఖ. మొదటిది రోజూ ఉండే బెడద, రెండోది ఎప్పుడో గానీ రానిది. అందుకే చాలాకాలం ఈ రెండింటినీ వేర్వేరు మనుషులు, వేర్వేరు శాఖలు చూసుకున్నాయి. లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ ఒకటే. మొత్తం ఎంతమంది ప్రయాణిస్తున్నారన్నది కాదు, ఎంతమంది ఒకే వేళకు బయల్దేరుతున్నారన్నదే రెండు చోట్లా కథను నడిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇది తెలిసిన సంగతే. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే జాతీయ రహదారిని చూసినవాళ్లు, ఎవరూ ఆదేశించకుండానే ఏటా జరిగిపోయే తరలింపును చూసినట్టే. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వెనక బళ్లు బారులు తీరతాయి. గేటు దాటిన మరుక్షణం రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది, కారు హాయిగా వేగం అందుకుంటుంది. ఇరుకు ఉన్నచోట క్యూ ఉండదు, ఇరుకుకు వెనక ఉంటుంది. ఆ ఇరుకు గంటకు ఎన్ని బళ్లను వదలగలదో, ముందున్న రోడ్డంతటికీ అన్నే బళ్లు చేరతాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో ఒక్కో బండి గేటు దగ్గర ఆగే సమయం బాగా తగ్గింది. పండగ రోజుల్లో విజయవాడ వైపు ఎక్కువ గేట్లు తెరిచి, హైదరాబాద్ వైపు తక్కువ ఉంచుతారు. అయినా బారు పూర్తిగా పోదు. సెలవు ఇచ్చిన సాయంత్రమే అందరూ స్టీరింగు పట్టుకుంటే గేట్లు ఎన్ని తెరిచినా చాలవు.

ప్రవాహాన్ని కొలవడం

అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రోడ్ల మీద బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ 1930లలో కెమెరాతో వాహనాలను వరసగా ఫొటోలు తీసి, వాటి వేగాన్నీ, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్న దాన్నీ లెక్కగట్టాడు. 1935లో ఆయన ప్రకటించిన సూత్రం సులువైనది: రోడ్డు మీద బళ్ల సాంద్రత పెరిగేకొద్దీ వేగం సమంగా తగ్గుతుంది. గంటకు దాటే బళ్ల సంఖ్య వేగాన్ని సాంద్రతతో గుణిస్తే వస్తుంది కాబట్టి, ఖాళీ రోడ్డు మీదా పూర్తిగా స్తంభించిన రోడ్డు మీదా ఆ సంఖ్య సున్నాయే. గరిష్ఠం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ శిఖరాన్ని దాటి ఒక్క బండి ఎక్కువైనా మొత్తం ప్రవాహం కిందికి జారుతుంది. గ్రీన్‌షీల్డ్స్ గీసిన సరళరేఖను తర్వాతివాళ్లు ఎన్నో వంపులు తిప్పారు గానీ, శిఖరం ఉందన్న మాటను ఎవరూ కాదనలేదు.

1955లో జేమ్స్ లైట్‌హిల్, జెరాల్డ్ విథమ్ అనే బ్రిటిష్ గణితవేత్తలు, మరుసటి ఏడాది వాళ్లతో సంబంధం లేకుండా అమెరికాలో పాల్ రిచర్డ్స్, వాహనాల బారును ద్రవప్రవాహంలా చూసే సిద్ధాంతాన్ని ఇచ్చారు. ముందున్న కారు బ్రేకు వేస్తే ఆ వార్త వెనక్కి అలలా పాకుతుంది. కార్లు ముందుకు పోతూనే ఉంటాయి, జామ్ మాత్రం వెనక్కి నడుస్తుంది. ఐదు నిమిషాల క్రితం తొలగించిన ప్రమాదం తాలూకు జామ్ మూడు కిలోమీటర్ల వెనక ఇంకా ఎందుకు ఉందో, అక్కడ ఇరుక్కున్నవాడికి ఆపిన కారణమేదీ ఎందుకు కనబడదో ఈ సిద్ధాంతం విప్పి చెబుతుంది.

కారణమే లేకుండా జామ్ పుట్టగలదని చూపించింది జపాన్ పరిశోధకులు. యూకీ సుగియామా బృందం 230 మీటర్ల చుట్టుకొలత గల వలయాకారపు దారి మీద 22 కార్లను పెట్టి, అందరినీ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడపమంది. సిగ్నల్ లేదు, మలుపు లేదు, గుంత లేదు. కాసేపు అన్నీ సాఫీగానే తిరిగాయి. తర్వాత ఎవరో ఒకరు కొంచెం వేగం తగ్గించారు, వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ తగ్గించాడు, చూస్తుండగానే నాలుగైదు కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగిన ముద్ద గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి తిరుగుతూనే ఉంది. 2008లో అచ్చయిన ఈ ప్రయోగం తాలూకు వీడియో ఎన్ని పాఠాలు చెప్పిందో లెక్కలేదు. తర్వాత అమెరికాలో అలాంటి వలయం మీదే ఇరవై చిల్లర కార్లలో ఒక్కదాన్ని కంప్యూటరుకు అప్పగిస్తే, అది నిదానంగా ఒకే వేగంతో పోతూ అలలను చాలావరకు చదును చేసింది. 2022 నవంబరులో నాష్‌విల్ దగ్గర నిజమైన అంతర్రాష్ట్ర రహదారి మీద వంద కార్లతో ఆ ప్రయోగాన్ని కొనసాగించారు.

కంప్యూటర్లు వచ్చాక ప్రవాహాన్ని గళ్లుగా కోసి లెక్కించే పద్ధతులు స్థిరపడ్డాయి. కై నాగెల్, మైకేల్ ష్రెకెన్‌బర్గ్ 1992లో చేసిన గళ్ల నమూనా, కార్లోస్ డగాంజో 1994లో ఇచ్చిన సెల్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 2008లో డగాంజో, నికోలాస్ జెరోలిమినిస్ జపాన్‌లోని యోకొహామా నగరపు సమాచారంతో మరో మెట్టు ఎక్కారు. ఒక్క రోడ్డుకే కాదు, నగరం నడిబొడ్డు మొత్తానికీ గ్రీన్‌షీల్డ్స్ చెప్పిన లాంటి శిఖరం ఉందని తేల్చారు. లోపల బళ్లు మరీ ఎక్కువైతే నగరం నుంచి బయటపడేవి తగ్గిపోతాయి. కాబట్టి లోపలికి వచ్చేవాటిని సరిహద్దు సిగ్నళ్ల దగ్గరే కొంచెం ఆపి వదలడం అందరికీ మేలు. ఆపబడ్డవాడికి ఈ లెక్క నచ్చకపోవడం వేరే సంగతి.

కొత్త రోడ్డు వేస్తే

1952లో బ్రిటిష్ రవాణా పరిశోధకుడు జాన్ వార్‌డ్రాప్ రెండు సూత్రాలు చెప్పాడు. ఎవరికివారు తమకు తక్కువ సమయం పట్టే దారి ఎంచుకుంటూ పోతే, చివరికి ఎవరూ దారి మార్చుకుని లాభపడలేని స్థితి వస్తుంది. ఇది మొదటిది. అందరి సమయాల మొత్తం కనిష్ఠంగా ఉండే స్థితి రెండోది. రెండూ ఒకటి కావు. వాటి మధ్య దూరం ఎంతుంటుందో 1968లో జర్మన్ గణితవేత్త డీట్రిష్ బ్రేస్ చూపించాడు. నాలుగు వేల కార్లు ఒక ఊరి నుంచి మరో ఊరికి పోవాలనుకుందాం. రెండు దారులున్నాయి. ఒక్కో దారిలో ఒక ముక్క వెడల్పైనది, ఎన్ని కార్లున్నా 45 నిమిషాలు. మరో ముక్క ఇరుకైనది, వంద కార్లకు ఒక నిమిషం చొప్పున పడుతుంది. ఒక దారిలో ఇరుకు ముక్క ముందు వస్తుంది, ఇంకో దారిలో తర్వాత వస్తుంది. కార్లు చెరి రెండు వేలుగా చీలితే అందరికీ 20, 45 కలిపి 65 నిమిషాలు. ఇప్పుడు ప్రభుత్వం ఆ రెండు దారుల నడుమ క్షణంలో దాటే వంతెన కట్టింది. ప్రతివాడూ రెండు ఇరుకు ముక్కలనూ వాడుకోవడం తనకు మేలనుకుంటాడు. నాలుగు వేల కార్లూ అటే పోతే 40, 40 కలిపి 80 నిమిషాలు. వంతెన కట్టి పావుగంట పోగొట్టుకున్నట్టు.

కాగితం మీది చమత్కారం అనుకోవడానికి లేదు. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో చియాంగ్యెచాన్ కాలువ మీద కట్టిన ఎత్తయిన రహదారిని 2003లో కూల్చడం మొదలుపెట్టి 2005 నాటికి కాలువను తిరిగి బయటికి తెచ్చారు. నగరం స్తంభించిపోతుందన్న భయాలు నిజం కాలేదు. బస్సుల వ్యవస్థను అదే సమయంలో సంస్కరించడం అందుకు తోడ్పడింది.

కొత్త రోడ్డు కొత్త ప్రయాణాలను పుట్టిస్తుందన్నది మరో పాత గ్రహింపు. ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఈ మాట చెప్పాడు. 2011లో గిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అమెరికా నగరాల లెక్కలు తీసి, అంతర్రాష్ట్ర రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద తిరిగే కిలోమీటర్లు దాదాపు అంతే శాతం పెరుగుతున్నాయని చూపారు. హైదరాబాద్‌లో 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మొదలు ఐటీ కారిడార్ ఫ్లైఓవర్ల దాకా ప్రతిదీ తాను నిల్చున్న కూడలిని తేలిక చేసింది, భారాన్ని తర్వాతి కూడలికి పంపింది. ఫ్లైఓవర్లు వద్దని దీని అర్థం కాదు. ఫ్లైఓవరు దిగేచోట ఏముందో చూడకుండా దాన్ని కట్టడం సగం పని మాత్రమే.

వేళకు కట్టిన ధర

రద్దీ సిద్ధాంతంలో అత్యంత లోతైన ఆలోచన, నా దృష్టిలో, విలియం విక్రీది. కెనడాలో పుట్టి న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈ ఆర్థికవేత్త 1969లో ఒక్క ఇరుకుతో చిన్న నమూనా వేశాడు. అందరూ తొమ్మిదికే ఆఫీసు చేరాలి. ఇరుకు గంటకు కొన్ని బళ్లనే వదులుతుంది. కొందరు ముందుగా బయల్దేరి ఆఫీసులో ఊరికే కూర్చుంటారు, కొందరు ఆలస్యంగా చేరి మాటపడతారు, మధ్యలోవాళ్లు వేళకు చేరతారు గానీ క్యూలో ఎక్కువసేపు నలిగిపోతారు. ఈ మూడు రకాల నష్టం సమానమయ్యేదాకా జనం తమ వేళలను సర్దుకుంటారు. విక్రీ గమనించినది ఏమంటే, క్యూలో పోయిన సమయం ఎవరికీ చెందదు, శుద్ధ వృథా. క్యూకు బదులు వేళను బట్టి మారే సుంకం పెడితే జనం అదే క్రమంలో, అదే వేళకు చేరతారు, నిలబడటం మాత్రం ఉండదు. పోయే సమయం డబ్బుగా మారి ప్రజల ఖజానాకు చేరుతుంది. ఆయనకు 1996లో నోబెల్ ప్రకటించారు. ప్రకటన వెలువడిన మూడు రోజులకే కన్నుమూశాడు.

అమలు మాత్రం ఆసియాలో మొదలైంది. సింగపూర్ 1975 జూన్‌లోనే నగర కేంద్రంలోకి రద్దీ వేళల్లో వచ్చే కార్లకు కాగితపు లైసెన్సు పెట్టింది. 1998లో దాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చి, వేళను బట్టి రేటు సవరిస్తూ వస్తోంది. లండన్ 2003 ఫిబ్రవరిలో రోజుకు 5 పౌండ్లతో మొదలుపెట్టింది. స్టాక్‌హోం తెలివిగా నడిచింది. 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా వసూలు చేసి, ఆపేసి, ఓటింగు పెట్టింది. ప్రయోగ కాలంలో హద్దు దాటే బళ్లు ఐదో వంతు దాకా తగ్గాయి. ఆపగానే రద్దీ తిరిగొచ్చింది. జనం కళ్లారా చూశారు, అవునన్నారు. 2007 నుంచి అది శాశ్వతమైంది.

మన దగ్గర డబ్బు లేకుండా వేళను మార్చే ప్రయత్నాలే ఎక్కువ. 2023 జులైలో వానలు దంచికొడుతున్నప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను మూడు విడతలుగా సిబ్బందిని ఇళ్లకు పంపమని కోరారు. ఐకియా, సైబర్ టవర్స్, రాయదుర్గం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు ప్రాంతాలకు వేర్వేరు వేళలు ఇచ్చారు. విక్రీ చెప్పినదీ, కింద చెప్పబోయే విడతల తరలింపూ ఒకే ఉత్తర్వులో కలిసిన అరుదైన సందర్భం అది.

సిగ్నల్ లెక్క, లేన్లు లేని లెక్క

1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధన ప్రయోగశాలలో ఎఫ్. వి. వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఒక చక్రంలో పచ్చ మారేటప్పుడు వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో గుణించి, ఐదు కలిపి, కూడలికి మిగిలిన ఖాళీ సామర్థ్యంతో భాగిస్తే సిగ్నల్ చక్రం పొడవు వస్తుంది. వృథా 12 సెకన్లు, కూడలి 80 శాతం నిండింది అనుకుంటే 115 సెకన్లు. 90 శాతం నిండితే 230. కూడలి నిండటం 80 నుంచి 90 శాతానికి చేరితే సిగ్నల్ చక్రం రెండింతలవుతుందన్న మాట. అంచున ఉన్న కూడలిలో చిన్న పెళ్లి ఊరేగింపు కూడా ఎందుకు పెద్ద జామ్ అవుతుందో ఇందులోనే ఉంది. సెన్సర్లతో చక్రాన్ని ఎప్పటికప్పుడు మార్చుకునే బ్రిటన్ స్కూట్, సిడ్నీ స్కాట్స్ పద్ధతులు 1970ల నుంచీ నడుస్తున్నాయి. మ్యాపుల్లో చేరే ఫోన్ల కదలికను బట్టి సిగ్నల్ సమయాలు సూచించే గూగుల్ గ్రీన్ లైట్ ప్రయోగంలో హైదరాబాద్, బెంగళూరు కూడా ఉన్నాయి.

హైదరాబాద్ పోలీసులు చాలా కూడళ్లలో సిగ్నలే తీసేసి, నేరుగా దాటే దారి మూసేసి, ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమంటున్నారు. పచ్చ మారేటప్పుడు పోయే సెకన్లు మిగులుతాయి, నిజమే. నడిచి దాటేవాడికి మాత్రం ఎర్రలైటుతో పాటు దాటే సందు కూడా పోయింది. ఈ రెండో లెక్కను ఎవరూ సరిగా కట్టడం లేదు.

విదేశీ సూత్రాలన్నీ కార్లు లేన్లలో బుద్ధిగా పోతాయనే నమ్మకం మీద కట్టినవి. మన రోడ్డు మీద కారు, బస్సు, ఆటో, స్కూటరు, ట్రాక్టరు కలిసి పోతాయి. ఎర్రలైటు పడగానే బైకులు కార్ల సందుల్లోంచి జారుకుంటూ గీత దగ్గరికి చేరతాయి, పచ్చ పడ్డాక మొదటి కొద్ది సెకన్లు వాళ్లవే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల్లో ఒక్కో వాహనానికి కారుతో పోల్చిన విలువ ఇచ్చింది. ద్విచక్ర వాహనం సగం లేదా ముప్పాతిక కారు, బస్సు రెండు నుంచి దాదాపు నాలుగు కార్లు. రద్దీని బట్టి ఈ విలువలు మారిపోతాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ వివిధ విద్యాసంస్థలతో కలిసి 2017లో భారతీయ రహదారి సామర్థ్య గ్రంథాన్ని వెలువరించాక గానీ మనకు మన సమగ్ర కొలతలంటూ రాలేదు. ఈ ఆలస్యం తరలింపు లెక్కలకూ తగిలింది.

తరలింపు శాస్త్రం ఎలా పుట్టింది

1979 మార్చి 28న అమెరికా పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్కేంద్రం దెబ్బతింది. రెండు రోజుల తర్వాత గవర్నరు, ఎనిమిది కిలోమీటర్ల లోపు గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోవడం మంచిదని సలహా ఇచ్చాడు. ఆ సలహా వర్తించేది కొన్ని వేల మందికే. అంచనాల ప్రకారం ఇళ్లు వదిలినవాళ్లు 1,44,000 మంది. వెళ్లమని చెప్పనివాళ్లూ వెళ్లే ఈ ధోరణిని భూగోళ శాస్త్రవేత్తలు 1981లో తరలింపు నీడ అన్నారు. తరలింపు పరిశోధనలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన భావన ఇదే కావచ్చు. ప్రమాదంలో లేనివాడు ముందు రోడ్డెక్కితే, ప్రమాదంలో ఉన్నవాడికి రోడ్డు మిగలదు.

ఆ ప్రమాదం తర్వాత అమెరికాలో ప్రతి అణు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల వలయాన్ని ఖాళీ చేయడానికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టి చూపాలన్న నిబంధన వచ్చింది. దాంతో నమూనాలు పుట్టుకొచ్చాయి. యోసీ షెఫీ, హనీ మహమసాని, వారెన్ పావెల్ 1982లో ప్రకటించిన నెట్‌వాక్ వాటిలో తొలినాటిది. తర్వాత ఈ ఒరవడి తుపానులకు పాకింది.

1999 సెప్టెంబరులో ఫ్లాయిడ్ తుపాను అమెరికా తూర్పు తీరాన్ని బెదిరించినప్పుడు లక్షల మంది ఒకేసారి కదిలారు. దక్షిణ కెరొలైనాలో చార్లెస్టన్ నుంచి కొలంబియాకు మామూలుగా రెండు గంటల ప్రయాణం. ఆ రోజు పన్నెండు గంటలకు పైగా పట్టినవాళ్లు ఎందరో. పక్కనే సముద్రం వైపు పోయే లేన్లు ఖాళీగా పడున్నాయి. వాటిని కూడా బయటికి తిప్పే నిర్ణయం ఆలస్యంగా వచ్చింది. ఆ కోపం లోంచే ఎదురు లేన్ల ప్రణాళికలు తుపాను తాకే తీర రాష్ట్రాల్లో చాలావాటికి వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే పోలీసులే దగ్గరుండి రాంగ్ రూట్లో నడిపించడం. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ వోల్షన్ ఈ విషయం మీద విస్తారంగా పనిచేశాడు. నాలుగు లేన్ల రహదారిని పూర్తిగా ఒకవైపే తిప్పితే సామర్థ్యం రెట్టింపు కాదు, మూడింట రెండొంతులే పెరుగుతుందని అప్పటి అంచనా. పైగా ఎదురు లేన్లు మొదలయ్యే చోటూ, ముగిసి మామూలు లేన్లలో కలిసే చోటూ కొత్త ఇరుకులవుతాయి. పంతంగి గేటు మళ్లీ వచ్చినట్టే.

2005 ఆగస్టులో కత్రీనా తుపాను ముందు న్యూ ఓర్లియన్స్ చుట్టూ ఎదురు లేన్లు దాదాపు 25 గంటలు నడిచాయి. పది లక్షల మందికి పైగా బయటపడ్డారు. కార్ల లెక్కలో అది విజయం. కారు లేనివాళ్లు మాత్రం నగరంలోనే చిక్కుకుపోయారు. ప్రణాళికల్లో కారు లేని మనిషికి గడి లేదు. మరో నెలకు టెక్సస్ మీదికి రీటా తుపాను వచ్చింది. కత్రీనా దృశ్యాలు టీవీలో చూసి బెదిరిన హ్యూస్టన్ జనం పాతిక లక్షలకు పైగా రోడ్డెక్కారు. పెట్రోలు బంకులు ఖాళీ అయ్యాయి, ఎండలో కార్లు ఆగిపోయాయి. డాలస్ సమీపంలో వృద్ధాశ్రమవాసులను తీసుకెళ్తున్న బస్సు అంటుకుని 23 మంది చనిపోయారు. గాలికి, నీటికి చనిపోయినవాళ్ల కన్నా ప్రయాణంలో చనిపోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ, వంద మందికి పైగా. 2017లో హార్వీ తుపాను ముంచినప్పుడు హ్యూస్టన్ మేయర్ నగరం ఖాళీ చేయమనకపోవడం వెనక రీటా అనుభవం ఉంది. అక్కడ ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. జూన్ వచ్చిందంటే తుపాను జోను మ్యాపు చూసుకోవడం వాళ్లకూ అలవాటైంది.

గడువు లెక్క

తరలింపు సమయాన్ని చేత్తో కూడా కట్టొచ్చు. లక్ష జనాభా, కారుకు ఇద్దరున్నర చొప్పున 40,000 కార్లు. బయటికి రెండు లేన్లు, ఒక్కోదానికి గంటకు 1,500 కార్లు. పదమూడు గంటల పైచిలుకు. అదే యాభై మంది పట్టే బస్సులైతే 2,000 ట్రిప్పులు. బస్సును మూడు కార్లుగా లెక్కించినా రోడ్డుకు అది రెండు గంటల పనే. కాకపోతే బస్సులు రెండు వందలే ఉంటే ఒక్కోటి పదిసార్లు తిరగాలి. గమ్యం ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటే అది కుదురుతుంది, అరవై కిలోమీటర్లయితే కుదరదు.

ఇక గణితం. లెస్టర్ ఫోర్డ్, డెల్బర్ట్ ఫుల్కర్సన్ 1958లో ప్రతి కూడలినీ ప్రతి నిమిషానికీ ఒక నకలుగా రాసి, కాలాన్ని కూడా మ్యాపులో కలిపే ఉపాయం చూపారు. నిర్ణీత సమయంలో గరిష్ఠంగా ఎంతమందిని దాటించవచ్చో దాంతో తేలుతుంది. నగరమంత మ్యాపుకు అది భారీగా తయారవుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శశి శేఖర్ బృందం 2005లో ప్రకటించిన పద్ధతి, దారులను ఒక్కొక్కటిగా నింపుకుంటూ పోయి, కొంచెం నాణ్యత వదులుకుని వేగం సంపాదించింది. మరి కొందరు కూడళ్లలో అడ్డంగా దాటడమే లేకుండా లేన్లను కట్టేసే పద్ధతి తీశారు. ఎడమ మలుపుల లాంటి అడ్డు కదలికలను మూస్తే ఊరు ఖాళీ అయ్యే సమయం తగ్గుతుందని టామ్ కోవా, జస్టిన్ జాన్సన్ 2003లో చేసిన పని సూచిస్తుంది. అక్కడి ఎడమ మలుపు మనకు కుడి మలుపు.

గణితానికి లొంగనిది మనిషి. ఆదేశం రాగానే ఎవరూ బయల్దేరరు. పక్కింటివాళ్లను అడుగుతారు, టీవీ చూస్తారు, సముద్రం దాకా వెళ్లి అలలు చూసొస్తారు. మైకేల్ లిండెల్, రోనాల్డ్ పెర్రీ దశాబ్దాల పాటు ఈ నిర్ణయ క్రమాన్నే అధ్యయనం చేశారు. పామెలా ముర్రే టూయిట్ మరో సంగతి పట్టుకుంది. పగటిపూట ప్రమాదం వస్తే తండ్రి ఊరి బయటికి పోడు, ముందు బడికి పోయి పిల్లాణ్ని తెచ్చుకుంటాడు, తర్వాత ఇంటికి, ఆ తర్వాత బయటికి. నమూనా బయటికి అనుకున్న బండి మొదటి గంటంతా లోపలికే నడుస్తుంది.

2018 నవంబరు 8న కాలిఫోర్నియా కొండల్లోని ప్యారడైజ్ పట్టణానికి విడతల ప్రణాళిక ఉంది. జోన్ల వారీగా ఖాళీ చేయాలి, ప్రధాన రోడ్డును ఒకవైపు తిప్పాలి. ఆ రోజు వచ్చిన కార్చిచ్చు మాత్రం విడతలు పాటించలేదు. పొద్దున్నే మొదలై గంటల్లో పట్టణం మొత్తాన్ని చుట్టేసింది. 26,000 మంది నాలుగే రోడ్ల మీద పడ్డారు. ఆ మంట 85 మందిని బలిగొంది. విడతల తరలింపు గడువున్న ప్రమాదానికే పనికొస్తుంది. జపాన్ 2011 సునామీలో కార్లు వరసగా చిక్కుకున్న అనుభవంతో, వీలైనంతవరకు కాలినడకన ఎత్తు ప్రాంతానికి చేరమంటోంది. ఫుకుషిమా అణు ప్రమాదం వేళ హడావుడిగా కదిలించిన వృద్ధులు, రోగులు చాలామంది ఆ కదలిక వల్లే చనిపోయారు. అందరినీ కదిలించడమే సరైన జవాబు కాదన్న వాదనకు అది బలమిచ్చింది.

తెలుగు తీరం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు హెచ్చరిక అందినవాళ్లకు కూడా పోవడానికి రోడ్డు, ఎక్కడానికి మేడ లేవు. కనీసం పదివేల మంది పోయారని అంచనా. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మేలో అదే కృష్ణా తీరానికి అంతటి తుపాను వస్తే, లక్షల మందిని ముందే తరలించడంతో మృతులు వెయ్యి లోపున ఆగారు. 1996 నవంబరులో కోనసీమలో మాత్రం మళ్లీ వెయ్యి దాటారు, వేటకు పోయిన మత్స్యకారులు చాలామంది అందులో ఉన్నారు. 2013లో ఫైలిన్, 2014లో విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ నాటికి పద్ధతి కుదురుకుంది. ఒడిశాలో 2019లో ఫొని ముందు దాదాపు 12 లక్షల మందిని కదిలించారు.

ఈ తరలింపులో కార్లు లేవు, వందల కిలోమీటర్ల ప్రయాణం లేదు. ఆర్టీసీ బస్సు, స్కూలు బస్సు, ట్రాక్టరు, ఆటో, సొంత కాళ్లు. గమ్యం పక్క ఊరి హైస్కూలో, నాలుగు కిలోమీటర్ల దూరంలోని షెల్టరో. పైన కట్టిన లెక్కలో పదేసి ట్రిప్పులు తిరిగే బస్సు ఇదే. ఫ్లాయిడ్, రీటాల్లో లాంటి జామ్ ఇక్కడ రాకపోవడానికి కారణం మన క్రమశిక్షణ కాదు, ఈ దగ్గరి దూరం. ఇక్కడ అడ్డు పడేవి వేరు. గొడ్లను ఎవరు చూస్తారన్న దిగులు, ఇల్లు వదిలితే సామాను పోతుందన్న భయం, పోయినసారి ఏమీ కాలేదన్న ధీమా. ఒక ముసలాయన కదలనంటే ఇంట్లో ఐదుగురూ ఆగిపోతారు. రెవెన్యూ సిబ్బంది, ఈ మధ్య గ్రామ సచివాలయ ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగి బతిమాలి తీసుకురావడం ఏ నమూనాలోనూ ఒక చలరాశిగా లేదు.

విషవాయువుకు ఈ అనుభవం పనికిరాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. సైరన్ మోగలేదని తర్వాత ప్రభుత్వ విచారణ కమిటీ తేల్చింది. జనం వాసనకు లేచి, ఎటు గాలి వీస్తోందో తెలియక, బైకుల మీదా కాళ్ల మీదా చీకట్లో పరుగులు తీశారు. దారిలోనే స్పృహ తప్పి పడిపోయినవాళ్లు ఎందరో. పన్నెండు మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల రోడ్లు ఖాళీగా ఉన్నాయి గనుక సమస్య రోడ్డు సామర్థ్యం కాదు. గాలికి అడ్డంగా పోవాలా, తలుపులు మూసుకుని ఇంట్లో ఉండాలా అన్న మాట ఎవరూ చెప్పలేదు. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా బరువైనది, పల్లంలో నిలుస్తుంది. మేడ మీది మనిషికీ వీధిలో పరుగెత్తే మనిషికీ ప్రమాదం ఒకటి కాదు.

జనసమూహాల కదలిక మీద పరిశోధన కూడా ఇటే కలుస్తుంది. డిర్క్ హెల్బింగ్ బృందం 2000లో చూపిన ప్రకారం, ద్వారం దగ్గర అందరూ తొందరపడితే ఒక్కొక్కరుగా నిదానంగా వెళ్లిన దాని కన్నా ఆలస్యంగా గది ఖాళీ అవుతుంది. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో కనీసం 27 మంది ప్రాణాలు తీసిన తొక్కిసలాటలో, ఘాట్లు ఎన్నో ఉండగా జనం ఒక్కచోటికే, ఒకే ముహూర్తానికి చేరారు.

ఇప్పుడు ఫాస్టాగ్ లావాదేవీలు, ఫోన్ల కదలికలు, ఆర్టీసీ బస్సుల జీపీఎస్ రోజూ పోగవుతున్నాయి. పంతంగి గేటు దగ్గర సంక్రాంతికి ఏ గంటకు ఎన్ని బళ్లు దాటాయో లెక్క ఉంది. అమెరికా నమూనాలు ఊహించి రాసుకున్న బయల్దేరే వేళల రేఖను ఇక్కడ ఏటా కొలుచుకోవచ్చు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు కలిసిన రోడ్డు మీద, షెల్టరు దాకా నాలుగు కిలోమీటర్ల దూరానికి, రాత్రివేళ తరలింపు ఎంతసేపు పడుతుందో చెప్పే నమూనా కట్టడానికి ఆ కొలతే తొలి మెట్టు.